గడ్డి నిలిపిన పట్టాదారునకు సర్కారు ఇచ్చేదేమిటి?

నగరానికి పడమటి వైపు ఒక సంఘంలో లెక్కలు తనిఖీ చేసి మేము లేవబోతుండగా ఒక సభ్యుడు అడిగినాడు: "సార్, మా ఊళ్ళె ఒకాయన ఇరవై ఎకరాల బీడుల మా బర్రెలు మేస్తయి. ఈసారి దాన్ని వెంచరోళ్ళకు ఇస్తనంటున్నడు. బీడు అట్లనే ఉంచితే సర్కారు నాకేమిస్తదని అడుగుతున్నడు. ఏం చెప్పాలె?" ఆనాడు బస్సు వేళ అయినందున సగం జవాబే చెప్పి వచ్చినాము. మిగతా సగం ఇక్కడ వ్రాస్తున్నాము. ఇదే ప్రశ్న శంకర్‌పల్లి, మొయినాబాదు, చేవెళ్ళ వైపు సంఘాలలో కూడా వినవస్తున్నది.

ముందుగా ఉన్నమాట చెప్పవలెను. గడ్డిని గడ్డిగా నిలిపినందుకు ఎకరానికి ఇంత అని పట్టాదారునకు నేరుగా చెల్లించే పథకం మేము చూచిన వాటిలో లేదు. చెల్లింపులు పంటకు ఉన్నవి, పాలకు ఉన్నవి, యంత్రాలకు ఉన్నవి. అయితే వీటిలో కొన్నింటిని పట్టాదారునకు ఉపయోగపడునట్లు మలచుకొనవచ్చును. అది చెప్పుటకు ముందు, ఐ.టి. కారిడారులో ఏమి జరిగినదో తెలిసికొనుట అవసరము.

తెలంగాణలో కంచ అంటే పశువుల మేతకై చుట్టూ వెలుగు వేసి అట్టిపెట్టిన గడ్డి భూమి. ఆ మాట ఊళ్ళ పేర్లలో ఇప్పటికీ నిలిచి ఉన్నది. నగరానికి దక్షిణాన ఉన్న ఇమారత్ కంచ పేరునే 1988లో వెలసిన క్షిపణి పరిశోధనా సంస్థకు రీసెర్చి సెంటర్ ఇమారత్ అని పెట్టినారు. ఇక కంచ గచ్చిబౌలి సంగతి అందరూ ఎరిగినదే. అక్కడి సర్వే నెంబరు 25 భూమి రికార్డులలో "కంచ అస్తబల్ పోరంబోకు సర్కారీ" అని ఉన్నదని ప్రభుత్వమే చెప్పినది. అస్తబల్ అనగా గుర్రపుశాల. ఒకప్పుడు సర్కారు గుర్రాలకు మేత పెట్టిన నేల అన్నమాట. అక్కడి 400 ఎకరాలలో 2025 మార్చి నెలాఖరున యంత్రాలతో చెట్లు కొట్టుట మొదలు కాగా, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపివేయించినది. అది సర్కారు భూమి గనుక అక్కడ ప్రోత్సాహకము అనే మాటకు తావు లేదు. కోర్టు ఉత్తర్వుతో ఆగినది. పట్టా భూమి అట్లు ఆగదు. దానిని ఆపవలసినది లెక్క.

ఆ లెక్క ఎట్లున్నదో చూడండి. మాదాపూరులో సైబర్ టవర్స్‌ను 1998 నవంబరులో ప్రారంభించినారు. కోకాపేటలో 2023 ఆగస్టులో జరిగిన వేలములో ఒక ఎకరము 100 కోట్ల 75 లక్షలు పలికినది. రాయదుర్గంలో 2025 అక్టోబరులో 177 కోట్లు పలికినది. వంద కోట్లు బ్యాంకులో వేసి నూటికి ఆరు చొప్పున వడ్డీ లెక్కగట్టితే ఏడాదికి 6 కోట్లు. ఏ సర్కారూ గడ్డికి ఎకరానికి 6 కోట్లు ఇవ్వజాలదు, ఇవ్వనూ కూడదు. కనుక కారిడారు లోపల ఈ ప్రశ్న అడిగే వేళ దాటిపోయినది. ధర రాకముందే అడిగి ఉండవలసినది.

అప్పుడు అడిగితే చట్టము ఏమి చెప్పినది? ఇది సభ్యులు తెలిసికొనదగిన విషయము. 1976 నాటి పట్టణ భూపరిమితి చట్టములో వ్యవసాయ భూమిని ఖాళీస్థలము లెక్కలోనికి తీసికొనలేదు. కాని అదే చట్టములో "వ్యవసాయము" అనే మాటకు అర్థము చెబుతూ గడ్డి పెంచుట, పాడి, పశువుల పెంపకము దానిలోనికి రావు అని వ్రాసినారు. హైదరాబాదు వంటి నగరములో ఒక మనిషికి పరిమితి 1,000 చదరపు మీటర్లు. దీని ఫలితమేమనగా, నగర సముదాయపు హద్దులలో వరి వేసినవాని భూమి నిలిచినది, గడ్డి నిలిపినవాని భూమి ఖాళీస్థలమైనది. ఈ చట్టము మన రాష్ట్రములో 2008 మార్చిలో రద్దయినది. పల్లెలలో 1973 నాటి వ్యవసాయ భూపరిమితి చట్టము పచ్చిక భూమిని కూడా భూమి క్రిందనే లెక్కించినది, మినహాయింపు ఇవ్వలేదు. ఒక చట్టములో గడ్డి వ్యవసాయము కాదు, ఇంకొక చట్టములో గడ్డినేల సీలింగులోనికి వచ్చే భూమి. రెండు విధాలా నష్టపోయినది గడ్డి నిలిపినవాడే. ఆ రోజులలో బీళ్ళను ఎందుకు దున్నివేసినారని పెద్దలను అడిగితే ఈ సంగతే చెబుతారు.

తరువాత 1996 మార్చిలో జి.ఓ. 111 వచ్చినది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలను కాపాడుటకు 84 గ్రామాలలో కట్టడాలపై ఆంక్షలు పెట్టినారు. ఆ ప్రాంతములో మేత, నీరు నిలుచుటకు అది చాలా మేలు చేసినదని మా అభిప్రాయము. కాని పట్టాదారునకు ఆంక్ష మాత్రమే ఇచ్చి, దానికి బదులు ఏమీ ఇవ్వలేదు. ప్రక్క ఊరివాని ఎకరము కోట్లు పలుకుతుంటే తనది పలకనందుకు ఇరవై ఐదేండ్లు అతడు కార్యాలయాల చుట్టూ తిరిగినాడు. 2022 ఏప్రిల్‌లో జి.ఓ. 69 ద్వారా ఆ ఆంక్షలను షరతులతో తొలగించినారు. బదులు ఇచ్చే దారి లేక కాదు. రోడ్డు వెడల్పుకు భూమి ఇచ్చినవారికి 400 శాతం, చెరువులు, నాలాలకు ఇచ్చినవారికి 200 శాతం చొప్పున వేరేచోట కట్టుకొనే హక్కు కాగితాలను ఇచ్చే పద్ధతి 2017 నుండి నగరములో వచ్చినది. వాటిని అమ్ముకొనవచ్చును కూడా. ఆ జాబితాలో గడ్డి బీడు లేదు.

ఇట్టి ప్రశ్న మనకొక్కరికే రాలేదు. కంప్యూటరు కంపెనీలకు పుట్టిల్లయిన కాలిఫోర్నియాలో 1965లో విలియమ్సన్ చట్టము తెచ్చినారు. భూమిని పదేండ్లు సాగుకో మేతకో ఉంచుతానని యజమాని కౌంటీతో ఒప్పందము వ్రాసికొంటే, భూమి పన్నును మార్కెటు ధరపై కాక సాగు రాబడిపై మాత్రమే వేస్తారు. ఒప్పందము ఏటేటా దానంతట అదే ఒక సంవత్సరము ముందుకు జరుగుతుంది. మన దగ్గర సాగుభూమికి చెప్పుకోదగిన పన్నే లేదు గనుక ఆ పద్ధతి యథాతథముగా పనికిరాదు. దానికంటె మనకు దగ్గరైనది తమిళనాడులోని కొరంగాడు. కంగాయం ఎడ్లకు పేరుబడిన ఆ మెట్ట ప్రాంతములో రైతులు సొంత పట్టా భూమినే ముళ్ళ కంచెతో మడులుగా విభజించి, అంజన్ గడ్డి, తెల్లతుమ్మ పెంచి, ఒకదాని తరువాత ఒకటిగా మేపుతారు. అక్కడ బీడును నిలిపినది సర్కారు డబ్బు కాదు, గడ్డిపై వచ్చే రాబడి.

ఇప్పుడు మన పట్టాదారు అడగదగిన వాటికి వస్తాము. 2025 జనవరి 26న మొదలైన రైతు భరోసా క్రింద ప్రకటించిన రేటు ఎకరానికి ఏడాదికి 12,000 రూపాయలు. అది సాగుకు యోగ్యమైన భూమికి. వెంచరు వేసి ప్లాట్లుగా మార్చిన భూమికి రాదు. ఈ ఒక్క మాట పట్టాదారునకు ముందుగా చెప్పండి. బీడులో స్టైలో గాని, అంజన్ గాని విత్తి మేతపంటగా వ్యవసాయ విస్తరణాధికారి వద్ద నమోదు చేయించుకొనుట మేలు. తానై మొలిచిన గడ్డిని పంటగా చూపుట కష్టము, విత్తిన గడ్డిని చూపవచ్చును. విత్తనము, సలహా కోసము మామిడిపల్లిలోని కేంద్ర ప్రభుత్వ మేత ఉత్పత్తి కేంద్రానికి వ్రాయవచ్చును.

పాలపై లీటరుకు 4 రూపాయల ప్రోత్సాహకము 2014లో ప్రకటించినది. అది పాలు పోసినవానికే గాని బీడు యజమానికి కాదు. మేపే సభ్యుడు దానిలో కొంత యజమానికి ఇవ్వకుంటే గడ్డి ఎన్నాళ్ళు నిలుస్తుంది? ఈ మాట కొందరు సభ్యులకు నచ్చదని తెలుసును.

జాతీయ పశుసంపద పథకము క్రింద 2021 నుండి ఎండుగడ్డి బేళ్ళు, పాతరగడ్డి యూనిట్లకు పెట్టుబడిలో సగము, 50 లక్షలకు మించకుండా, సబ్సిడీగా ఇస్తున్నారు. రైతుల సహకార సంస్థలు దీనికి అర్హమైనవి. 2024 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గము దీనికి ఇంకొకటి చేర్చినది: బంజరు, పచ్చిక, సాగుకు పనికిరాని భూములలో మేత పెంచుటకు రాష్ట్రాలకు సహాయము. రెండవది రాష్ట్రము ద్వారా రావలసినది గనుక ప్రతిపాదన అటునుండి పోవలెను. మొదటిదానికి మూడు నాలుగు సంఘాలు కలిసి దరఖాస్తు చేసికొనవచ్చును.

యజమానులు గడ్డి ఇచ్చుటకు వెనుదీయుటకు అసలు కారణము డబ్బు కాదు, భయము. కౌలు కాగితము వ్రాసి ఇస్తే 1950 నాటి కౌలుదారీ చట్టము క్రింద భూమి చిక్కున పడుతుందని తాతలనాటి భయము. దీనికి మంచి మార్గము ఉన్నది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము, 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము రెండూ నేలపై నిలిచిన గడ్డిని స్థిరాస్తిగా లెక్కించవు. కనుక భూమిని కౌలుకు తీసికొనక, గడ్డిని మాత్రమే కొనండి. "ఈ సర్వే నెంబరులోని ఈ ఏటి గడ్డిని కోసికొని పోవుటకు కొన్నాము, భూమిపై మాకు ఏ హక్కూ లేదు" అని వ్రాసి, సంఘము పేర డబ్బు కట్టి రసీదు తీసికొనండి. కోసి తెచ్చుటకే ఇది వర్తిస్తుంది. పశువులను తోలి మేపితే సంగతి వేరు కావచ్చును, అప్పుడు వకీలును అడగండి.

కోత వల్ల ఇంకొక లాభము కూడా ఉన్నది. వానలు పడగానే పశువులను తోలితే లేతగడ్డి వేళ్ళతో సహా పోతుంది. బీడులో మూడవ వంతును విత్తనము రాలే దాకా, అనగా కార్తీకము వరకు, ముట్టకుండా ఉంచి మిగతాది కోసికొంటే మరుసటి ఏడు గడ్డి చిక్కబడుతుంది. పాడిబర్రెకు రోజుకు 25 నుండి 30 కిలోల పచ్చిమేత కావలెను. కిలో 3 రూపాయలకు కొన్నా బర్రెకు రోజుకు 75 రూపాయలు. గడ్డికి ఎంత ధర చెప్పవచ్చునో ఈ లెక్కను బట్టి సంఘమే తేల్చుకొనవలెను.

కాగితము నమూనా మా వద్ద ఉన్నది. తొలకరికి ముందు వచ్చే తనిఖీలో సర్వే నెంబరు, యజమాని పేరు, బీడు విస్తీర్ణము, దానిపై మేసే బర్రెల లెక్క వ్రాసి ఉంచిన సంఘాలకు అక్కడికక్కడే పూర్తిచేసి ఇస్తాము.