కిత్తనారకు చలి కన్నా తడే శత్రువు

రైలు పట్టాల పక్కన, చేల గట్ల మీద కత్తుల్లాంటి మట్టలతో కంచెగా నిలబడే కిత్తనార ఎండలో పుట్టి ఎండలో పెరిగే మొక్క అన్నది మనందరి నమ్మకం. నీళ్లు పోసే దిక్కు లేకపోయినా బండల మధ్య బతికేస్తుంది. అలాంటి మొక్కను చలిదేశంలో ఆరుబయట పెంచుతారంటే నమ్మబుద్ధి కాదు. కానీ ఇంగ్లండ్ నైరుతి కొసకు ఆవల, సిల్లీ దీవుల్లో ఒకటైన ట్రెస్కోలో పెద్ద పెద్ద కిత్తనారలు ఆరుబయటే పెరుగుతున్నాయి. అక్కడి తోటను 1834లో ఆగస్టస్ స్మిత్ మొదలుపెట్టాడు. హైదరాబాద్ 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంటే, ఆ తోట దాదాపు 50 డిగ్రీల మీద ఉంది. చుట్టూ ఉన్న సముద్రం ఆ దీవికి మంచు బెడద తగ్గిస్తుంది, నిజమే. అయితే అలాంటి రక్షణ లేని ఊళ్లలోనూ కిత్తనారను బతికించుకోవచ్చు. దాన్ని ఎక్కువగా చంపేది చలి కాదు, చలికాలపు తడి. ఈ తేడా తెలిస్తే సగం పని అయినట్టే.

కిత్తనార పుట్టిల్లు మెక్సికో, దాన్ని ఆనుకుని ఉన్న అమెరికా నైరుతి ప్రాంతం. అదంతా మండే ఇసుక ఎడారి అనుకోవడం పొరపాటు. చాలా జాతులు ఎత్తయిన పీఠభూముల మీద, రాళ్ల కొండవాలుల్లో పెరుగుతాయి. అక్కడ శీతాకాలపు రాత్రుల్లో నీళ్లు గడ్డకడతాయి. కాకపోతే వాన ఎక్కువగా వేసవిలో పడుతుంది, చలికాలం పొడిగా గడుస్తుంది. బ్రిటన్‌లో ఈ లెక్క తారుమారు. లండన్‌లో ఏడాదికి పడే వాన సుమారు 600 మిల్లీమీటర్లు. హైదరాబాద్‌లో 800 దాకా పడుతుంది. అంటే లండన్‌లోనే వాన తక్కువ! కానీ మన వాన చాలావరకు జూన్ నుంచి అక్టోబరు లోపే కురిసి, ఎండకు ఆరిపోతుంది. లండన్ వాన పన్నెండు నెలలూ కొద్దికొద్దిగా పడుతూనే ఉంటుంది. డిసెంబరు మధ్యకు వచ్చేసరికి అక్కడ పగలు ఎనిమిది గంటలు కూడా ఉండదు. పడిన తడి ఆరే దారే లేదు.

ఆ తడి ఏం చేస్తుందో తెలియాలంటే మొక్క నడిమధ్యన ఉన్న మొవ్వును చూడాలి. లేత మట్టలు ఒకదాన్నొకటి చుట్టుకుని గట్టి శూలంలా ఉంటాయి. ఎంత బిగువుగా అంటే, విడివడిన మట్ట మీద పక్క మట్ట ముళ్ల అచ్చులు జీవితాంతం ఉండిపోతాయి. ఆ సందుల్లో నిలిచిన నీరు గడ్డకట్టి, కరిగి, మళ్లీ గడ్డకడుతుంటే లేత కణజాలం చితికిపోయి కుళ్లు మొదలవుతుంది. కొబ్బరి రైతులకు తెలిసిన మొవ్వు కుళ్లు లాంటిదే ఇది. వారాల తరబడి పై మట్టలు పచ్చగానే కనిపిస్తాయి. పట్టి లాగితే మొవ్వు ఊడి చేతికొస్తుంది, అడుగున మెత్తటి కంపు ముద్ద. వేళ్లదీ ఇదే కథ. చల్లటి బురదలో గాలి ఆడక కుళ్లిపోతాయి. కాబట్టి ముందు కావలసింది దుప్పటి కాదు, నీరు నిలవని మిట్ట. కంకర, ముతక ఇసుక బాగా కలిపిన ఎత్తుమడిలో, దక్షిణపు ఎండ తగిలే గోడ పక్కన, మొవ్వులో నీరు నిలవకుండా మొక్కను కాస్త వాలుగా నాటాలి. వసంతం చివర్లో నాటితే చలి వచ్చేలోపు వేళ్లు నిలదొక్కుకుంటాయి. శీతాకాలమంతా పైన అద్దమో ప్లాస్టిక్ రేకో కప్పుగా వేసి, పక్కలు మాత్రం గాలికి తెరిచి ఉంచాలి.

మరి చలి అసలు చంపదా అంటే, చంపుతుంది. 1987 జనవరి మంచుకు ట్రెస్కో తోటే ఘోరంగా దెబ్బతింది. 2010 డిసెంబరు బ్రిటన్‌కు వందేళ్లలో అత్యంత చల్లటి డిసెంబరు. అందుకే జాతి ఎంపిక ముఖ్యం. మనం ఎక్కువగా చూసే అమెరికానా జాతి కన్నా, మెక్సికోలోని న్యూవో లియోన్ కొండల ఒవాటిఫోలియా, ఎత్తు ప్రదేశాల పారీయై గట్టివి. పైన్, ఓక్ అడవుల్లో పెరిగే మోంటానా తడిని కూడా కొంత ఓర్చుకుంటుంది. పిలకల కన్నా ముదురు మొక్కలు చలిని బాగా తట్టుకుంటాయి. భూమి వేడెక్కుతోంది కదా, ఇక భయమెందుకు అనేవారూ ఉన్నారు. బ్రిటన్ శీతాకాలాల్లో చలి తగ్గుతున్నా వాన పెరుగుతోంది. అంటే నీరు జారిపోయే ఏర్పాటు అవసరం ఇంకా పెరుగుతుందే తప్ప తగ్గదు. కుండీలో పెంచి చలికాలం లోపల పెట్టుకుంటే పోదా అంటే, చిన్న మొక్కకు అది సరిపోతుంది. రెండు మీటర్ల వెడల్పుకు పెరిగిన ముళ్ల మొక్కను ఏటేటా మోయడం మాత్రం అయ్యే పని కాదు.

కిత్తనార జాతుల్లో చాలావరకు జీవితంలో ఒక్కసారే పూస్తాయి. పదేళ్లకో ముప్ఫయ్యేళ్లకో ఇంటి కప్పును మించిన పూకాడ వేసి, చాలా జాతుల్లో చుట్టూ పిలకలను వదిలి, తల్లి మొక్క చనిపోతుంది. అది దానికి తగిన ముగింపు, మొవ్వు కుళ్లి చావడం కాదు. బ్రిటన్‌లో స్థిరపడి పెరట్లో కిత్తనార పెట్టాలనుకునే తెలుగువారికి చెప్పేది ఒక్కటే: మొదటి ఖర్చు కంకర మీద పెట్టండి, మొక్క మీద ఆ తర్వాత.