‘యూస్టు’ తెచ్చిన చిక్కు



ఇంగ్లీషులో ఒక చిన్న మాట ఉంది. యు, ఎస్, ఇ, డి అనే నాలుగక్షరాలు రాసి, పక్కన టి, ఓ చేరుస్తారు. దాన్ని మనం తరచు వాడతాం. తరచు తప్పుగానూ వాడతాం. ఆ మాట ఒకనాడు నన్ను ఎంత చిక్కులో పెట్టిందో ముందు చెబుతాను, వినండి.

చాలా ఏళ్ళ కిందటి సంగతి. విశాఖపట్నం ఉక్కునగరంలో నేను కొత్తగా పాఠాలు చెబుతున్న రోజులు. పిల్లల ఇళ్ళ సంగతులు నాకింకా తెలియవు. ఎనిమిదో తరగతి వారిని ‘మా నాన్న’ అన్న విషయం మీద ఇంగ్లీషులో పది వాక్యాలు రాయమన్నాను. ఒక అబ్బాయి ఇలా రాశాడు:

“మై ఫాదర్ యూస్టు వర్క్ ఇన్ ది స్టీల్ ప్లాంట్. హీ యూస్టు టెల్ మీ స్టోరీస్.”

చదవగానే నా మనసు కలుక్కుమన్నది. అబ్బాయిని దగ్గరికి పిలిచి, భుజం మీద చెయ్యి వేసి, “నాన్నగారు పోయి ఎన్నాళ్ళయింది, బాబూ?” అని మెల్లగా అడిగాను.

వాడు తెల్లబోయాడు. “పోవడమేమిటి మాస్టారూ! రాత్రి డ్యూటీ చేసి వచ్చి, ఇప్పుడు ఇంట్లో పడుకున్నారు!” అన్నాడు.

తరగతి అంతా గొల్లుమన్నది. ఆ అబ్బాయి మాత్రం నవ్వలేదు. అక్కడి కర్మాగారంలో ఇనుము కరిగించే పెద్ద కొలుములకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని నదుల పేరూ, అన్నం పెట్టే తల్లి పేరూ పెట్టారు. అయితే వాటిలోనుంచి పారేది నీరు కాదు; కరిగిన ఇనుము. ఇనుము కరగాలంటే పదిహేను వందల డిగ్రీలకు పైగా వేడి కావాలి. అటువంటి చోటికి రాత్రిపూట పనికి వెళ్ళే తండ్రి తెల్లవారి ఇంటికి వచ్చేదాకా పిల్లలు ఎదురుచూస్తూ ఉంటారు. అలాంటి ఇంటి పిల్లవాణ్ణి నేను అడగరాని మాట అడిగాను. “నాదే పొరపాటు, నాయనా!” అని చెప్పి, ఆనాటి పాఠం పక్కన పెట్టి, ఆ ఒక్క మాటే తీసుకున్నాను.

“ఎందుకలా రాశావు?” అని అడిగితే వాడు, “యూస్టు అంటే అలవాటు కదా మాస్టారూ! నాన్న రోజూ పనికి వెళతారు కనుక అలా రాశాను” అన్నాడు.

చూశారా! వాడి ఆలోచనలో సగం నిజం ఉంది. యూస్టు అలవాటునే చెబుతుంది. కాని ఎప్పటి అలవాటు? ఒకప్పుడు ఉండి, ఇప్పుడు లేని అలవాటు. తెలుగులో “వెళ్ళేవారు”, “చెప్పేవారు” అంటామే, అదన్నమాట. ఇప్పటికీ జరుగుతున్న అలవాటును మనం “వెళతారు”, “చెబుతారు” అంటాం. మన వ్యాకరణంలో దీనికి తద్ధర్మం అని పేరు. ఇంగ్లీషులో దీనికి యూస్టు అక్కరలేదు. “మై ఫాదర్ వర్క్స్ ఇన్ ది స్టీల్ ప్లాంట్” అంటే చాలు. “ఐ గో టు స్కూల్ ఎవ్రీ డే” అంటే చాలు.

మరి ఒక్కసారి జరిగి ఊరుకున్న పనికో? దానికీ యూస్టు పనికిరాదు. మన విశాఖ రేవునే చూడండి. లోపలి రేవు కట్టక పూర్వం పెద్ద ఓడలు సముద్రంలోనే ఆగిపోయేవి. సరుకులను పడవల మీద ఒడ్డుకు చేర్చేవారు. ఇది పలుమార్లు జరిగిన పని కనుక “షిప్స్ యూస్టు స్టాప్ ఔట్ ఎట్ సీ” అనవచ్చు. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ కొత్త రేవులోకి వచ్చింది. ఇది ఆనాడు ఒక్కసారి జరిగిన పని కనుక “జలదుర్గ కేమ్ ఇన్” అనాలి. అలాగే ఉక్కు కర్మాగారానికి 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగింది. 1992 ఆగస్టు 1న దాన్ని జాతికి అంకితం చేశారు. వీటిలో దేనికీ యూస్టు అతకదు. “అయిదేళ్ళు అక్కడ ఉన్నాను” అని లెక్క చెప్పేటప్పుడు కూడా అతకదు. “ఐ లివ్డ్ దేర్ ఫర్ ఫైవ్ ఇయర్స్” అనాలి.

ఇక రెండో సంగతి. ఈ మాటకు ముందు యామ్, ఈజ్, ఆర్ వంటివి వచ్చి కూర్చుంటే అర్థమే మారిపోతుంది. “మై ఫాదర్ ఈజ్ యూస్టు ది హీట్” అంటే “మా నాన్న వేడికి అలవాటుపడ్డారు” అని. ఇక్కడి ‘టు’ మన ‘కి’, ‘కు’ల వంటిది. అందుచేత దాని తరువాత వేడి, చలి, చప్పుడు వంటి నామవాచకమే రావాలి. క్రియను తేవాలంటే చివర ‘ఇంగ్’ తగిలించాలి: “హీ ఈజ్ యూస్టు వర్కింగ్ ఎట్ నైట్.” తెలుగులోనూ అంతే కదా! “పనిచేయు అలవాటుపడ్డారు” అనం. “పనిచేయడానికి అలవాటుపడ్డారు” అంటాం. ఇంకా అలవాటు పడుతూ ఉంటే ‘ఈజ్’ తరువాత ‘గెటింగ్’ను తెచ్చి “హీ ఈజ్ గెటింగ్ యూస్టు ఇట్” అంటారు.

మూడో సంగతి చెవికి సంబంధించినది. అవే అక్షరాలు “ఉపయోగిస్తారు” అన్న అర్థంలోనూ వస్తాయి: “కోక్ ఈజ్ యూజ్డ్ టు మేక్ ఐరన్.” ఇనుము తీయడానికి కోక్ బొగ్గును ఉపయోగిస్తారని దీని భావం. ఇక్కడ ‘యూజ్డ్’ అని జకారం పలకాలి. అలవాటు చెప్పేటప్పుడు మాత్రం సకారం వచ్చి, రెండు మాటలూ కలిసి ‘యూస్టు’ అవుతాయి. కంటికి ఒక్కటే అయినా చెవికి వేరు సుమా!

మరొక చిన్న జాగ్రత్త. ప్రశ్నలో ‘డిడ్’ వస్తే, భూతకాలాన్ని అదే మోస్తుంది. అందుచేత ‘యూస్టు’ రాసేటప్పుడు ‘డి’ అక్షరం వదిలేయాలి. పలకడంలో తేడా ఉండదు.

ఇదంతా చెప్పి, మర్నాడు మళ్ళీ రాసుకు రమ్మన్నాను. ఆ అబ్బాయి ఈసారి పది వాక్యాలు రాయలేదు; అయిదే రాశాడు. వాటిని తెలుగులో చెబుతాను:

“మా నాన్న ఉక్కు కర్మాగారంలో పనిచేస్తారు. ఆయన వేడికి అలవాటుపడ్డారు. ఈ చోట పూర్వం ఒక పల్లె ఉండేది. మా నాయనమ్మ ఆ పల్లె బావిలో నీళ్ళు తోడేది. ఆమె ఇంకా క్వార్టర్స్‌కు అలవాటు పడలేదు.”

కర్మాగారం కోసం ఎన్నో పల్లెలవారు ఊళ్ళు విడిచారని నాకు తెలుసు. కాని ఆ నాయనమ్మ బావి సంగతి నాకు వాడి వాక్యాల్లోనే తెలిసింది. వాడు రాసిన వాటిలో మొదటి దానికి యూస్టు అక్కరలేదు. మిగిలిన నాలుగింటిలోనూ అది ఉండవలసిన తీరుగానే ఉంది. నేను ఎర్ర సిరా కలం మూసి జేబులో పెట్టుకున్నాను.

మీరూ ఇవాళ సాయంకాలం మీ తాతగారినో, అమ్మమ్మనో, నాయనమ్మనో కూర్చోబెట్టి, “చిన్నప్పుడు మీరు ఏమేం చేసేవారు? ఇప్పటికీ దేనికి అలవాటు పడలేదు?” అని అడగండి. వారు చెప్పిన వాటిలో అయిదు ఇంగ్లీషులో రాయండి. రాశాక వారికి తెలుగులో చదివి వినిపించండి. తప్పులుంటే మీ మాస్టారు దిద్దుతారు. కాని ఆ కబుర్లు చెప్పగలవారు మాత్రం మీ ఇంట్లోనే ఉన్నారు.