ఎర్రకోటు లోపల... మనవాడే!

అనంతపురం జిల్లా గుత్తి కోట దగ్గర ఇంగ్లిషువాళ్ల సమాధులున్నాయి. 1827 జులైలో పత్తికొండలో కలరాతో చనిపోయిన సర్ థామస్ మన్రోను మొదట పూడ్చింది అక్కడే. తర్వాత అస్థికలను మద్రాసుకు తీసుకెళ్లారు. 1800లో నిజాం దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి ధారపోశాక, అనంతపురంలో మకాం పెట్టి పాలెగాళ్లను దారికి తెచ్చిన కలెక్టరు ఆయనే. ఆయనకు అండగా ఈ కరువుసీమలో తిరిగిన ఎర్రకోటు పటాలాలు ఎప్పుడో కాలంలో కలిసిపోయాయి. కానీ ఆ కాలపు సిపాయిలు ఇప్పటికీ ఇంగ్లండులోనో అమెరికాలోనో ఎవరింట్లోనో బల్లమీద కవాతు చేస్తూనే ఉన్నారు... అంగుళం ఎత్తులో!

పాత యుద్ధాలను బొమ్మసైన్యాలతో మళ్లీ ఆడటం అక్కడ పెద్దవాళ్ల సరదా. పాచికలు వేసి, టేపుతో దూరం కొలిచి సైన్యాన్ని నడిపిస్తారు. ప్రష్యా సైన్యం 1824 నుంచే అధికారుల శిక్షణకు ఇలాంటి ఆట వాడింది. దాన్ని ఇళ్లల్లోకి తెచ్చినవాళ్లలో రచయిత హెచ్.జి.వెల్స్ ఒకరు. బొమ్మసైనికుల యుద్ధానికి నియమాలు రాసి 1913లో ‘లిటిల్ వార్స్’ పుస్తకం వేశారాయన.

ఆట ఒక పూటే. రంగులకే నెలలు పడుతుంది! బొమ్మలు ఉత్తి లోహం రంగులోనో ప్లాస్టిక్ రంగులోనో వస్తాయి. చిన్న సైన్యమన్నా వందల్లో ఉంటాయి. అందుకే పుల్లకు పది చొప్పున అంటించి, అన్నింటికీ ఒకేసారి ఎరుపు, ఆ తర్వాత అన్నింటికీ తెలుపు... ఇలా వరసగా వేసుకుంటూ పోతారు. ఛాతీమీద అడ్డంగా ఉండే తెల్లపట్టీల దగ్గర చెయ్యి వణికిందా, మళ్లీ మొదటికే. చివర్లో పల్చటి ముదురురంగు నీళ్లు పోస్తే అది కోటు మడతల్లోకి దిగి నీడలా కనిపిస్తుంది.

ఎరుపు కూడా ఒకటి కాదండోయ్! మామూలు సైనికుడి కోటుకు మంజిష్ఠ జాతి మొక్క వేళ్ల రంగు వేసేవారు. అది ఇటుకలా మందంగా ఉంటుంది. అధికారులది కోచినీల్ పురుగుల నుంచి తీసిన నిగనిగలాడే ఖరీదైన ఎరుపు.

అసలు పొరపాటు జరిగేది ముఖం దగ్గర. ఎర్రకోటు అనగానే తెల్లదొర గుర్తొస్తాడు. 1803 సెప్టెంబరు 23న మహారాష్ట్రలోని అస్సాయేలో మరాఠాలను ఓడించిన వెల్లెస్లీ సైన్యాన్నే చూడండి. తర్వాత వాటర్లూలో నెపోలియన్‌ను ఓడించిందీ ఈయనే. ఆరోజు ఆయన కాల్బలంలో తెల్లవాళ్ల పటాలాలు రెండే! మిగతావన్నీ మద్రాసు సిపాయిలవే. ఒంటిమీద ఎర్రకోటు, కింద పొట్టి నిక్కరు, కాళ్లకు చెప్పులు, తలకు నీలి పాగా... ఇదీ వాళ్ల వేషం. ఆ సిపాయిల్లో తెలుగువాళ్లు బోలెడుమంది. వానను నమ్ముకున్న సేద్యం పక్కన నెలజీతం విలువేమిటో సీమవాళ్లకు వేరే చెప్పాలా!

ఎర్రకోటు సిపాయికి ఉత్తరాదిలో స్థిరపడిన పేరే ‘తిలంగా’. అంటే తెలుగువాడని. 1857లో ఢిల్లీ చేరిన తిరుగుబాటు సిపాయిల్లో ఎక్కువమంది అవధ్, బీహార్ వాళ్లు. అయినా ఢిల్లీ జనానికి వాళ్లూ తిలంగాలే!

కాబట్టి అస్సాయే సైన్యానికి రంగులేసేవాళ్లకు ఎరుపుతోపాటు గోధుమరంగు సీసాలూ కావాలి. ముందు ముదురురంగు వేసి, ఆరాక ముక్కుమీదా బుగ్గలమీదా కాస్త లేతది అద్దుతారు. మీసం దిద్దేటప్పుడు మాత్రం ఊపిరి బిగబట్టాల్సిందే.