కౌమార ప్రసవాలు, గర్భవిచ్ఛిత్తి సేవలు (తెలుగు రాష్ట్రాలు)

15 నుండి 19 సంవత్సరాల వయసు గల బాలికలకు, యువతులకు కలిగే ప్రసవాలను కౌమార ప్రసవాలు అంటారు. వీటి రేటుకు, గర్భవిచ్ఛిత్తి సేవల లభ్యతకు గల సంబంధం అనేక దేశాలలో రాజకీయ చర్చనీయాంశముగా ఉన్నది. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో ఈ చర్చ స్వరూపం వేరు. ఇక్కడ కౌమార ప్రసవాలలో అత్యధికం వివాహబంధంలోనే జరుగుతున్నాయి. అందువలన బాల్యవివాహాల నివారణ, కొత్తగా పెళ్ళైన జంటలకు తాత్కాలిక గర్భనిరోధక సాధనాల అందుబాటు, మైనరు బాలికల గోప్యత అనే మూడు అంశాలు ఈ చర్చకు కేంద్రముగా నిలుస్తాయి. హైదరాబాదు తూర్పు భాగమందలి దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతాలలో ఈ మూడింటినీ ఒకే చోట గమనించవచ్చును.

పదాల వివరణ

గర్భం తనంతట తాను పోవడాన్ని గర్భస్రావమని, వైద్యుని ద్వారా ఉద్దేశపూర్వకముగా తొలగించుకోవడాన్ని గర్భవిచ్ఛిత్తి అని అంటారు. వాడుకలో రెండింటినీ అబార్షన్ అనే పిలుస్తారు. పల్లెలలో మొదటిదానిని "కడుపు పోవడం" అని, రెండవదానిని "కడుపు తీయించుకోవడం" అని వేరుగా చెబుతారు. చట్టం వర్తించేది రెండవదానికి మాత్రమే.

కౌమార మాతృత్వాన్ని రెండు విధాలుగా కొలుస్తారు. మొదటిది, 15-19 ఏళ్ల వయసు గల ప్రతి 1,000 మందికి ఒక సంవత్సరంలో కలిగిన ప్రసవాల సంఖ్య. రెండవది, సర్వే నాటికి తల్లులైనవారు లేదా గర్భవతులుగా ఉన్నవారు ఆ వయసువారిలో ఎంత శాతం అన్నది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఫలితాలలో తరచుగా ఉదహరించేది రెండవ కొలత. ఈ రెండు అంకెలనూ కలిపి పోల్చరాదు.

చారిత్రక నేపథ్యం

తెలుగునాట ఈ సమస్య 19వ శతాబ్దపు సంఘసంస్కరణ కాలం నాటికే చర్చకు వచ్చింది. బాల్యవివాహాల వలన చిన్నతనంలోనే వితంతువులైన బాలికల దుస్థితిని చూసి కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించాడు. విజయనగరం మహారాజు ఆనంద గజపతి విశాఖపట్నం జిల్లాలోని కన్యాశుల్క వివాహాల పట్టికను తయారు చేయించాడు. మూడు సంవత్సరాలలో 1,034 వివాహాలు నమోదైనట్లు గురజాడ అప్పారావు తన "కన్యాశుల్కం" నాటకపు పీఠికలో తెలియజేశాడు.

1929 నాటి శారదా చట్టం బాలికల కనీస వివాహ వయసును 14 సంవత్సరాలుగా నిర్ణయించింది. అది 1949లో 15కు, 1978లో 18కి పెరిగింది. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం 2007 నవంబరు 1 నుండి అమలులోకి వచ్చింది.

గర్భవిచ్ఛిత్తిని 1860 నాటి భారతీయ శిక్షాస్మృతి నేరముగా పరిగణించింది. స్త్రీ ప్రాణాన్ని కాపాడటానికి చేసినది మాత్రమే ఇందుకు మినహాయింపు. దొంగచాటు గర్భవిచ్ఛిత్తుల వలన సంభవిస్తున్న మరణాల దృష్ట్యా కేంద్ర ప్రభుత్వం 1964లో శాంతిలాల్ షా అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించింది. సంఘం 1966లో నివేదిక సమర్పించింది. దాని ఆధారముగా రూపొందిన వైద్యపరమైన గర్భవిచ్ఛిత్తి చట్టం, 1971, మరుసటి సంవత్సరం ఏప్రిల్ 1 నుండి అమలైంది. శిక్షాస్మృతి స్థానంలో 2024 జూలై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహిత కూడా 88 నుండి 92 వరకు గల సెక్షన్లలో ఈ నేరాలను కొనసాగించింది. అనగా గర్భవిచ్ఛిత్తి నేటికీ మౌలికముగా నేరమే. 1971 చట్టపు షరతులకు లోబడి చేసినపుడు మాత్రమే అది నేరం కాదు.

చట్టంలోని ముఖ్యాంశాలు

2021లో సవరించిన ఈ చట్టం ప్రకారం:

* 20 వారాల వరకు ఒక అర్హుడైన వైద్యుని అభిప్రాయం సరిపోతుంది.
* 20 నుండి 24 వారాల మధ్య ఇద్దరు వైద్యుల అభిప్రాయం అవసరం. అత్యాచార బాధితులు, మైనర్లు, గర్భకాలంలో వైవాహిక స్థితి మారినవారు మొదలైన కొన్ని వర్గాలకు మాత్రమే ఈ గడువు వర్తిస్తుంది.
* 24 వారాలు దాటిన తరువాత పిండంలో తీవ్ర లోపాలున్నట్లు వైద్యమండలి నిర్ధారిస్తే అనుమతిస్తారు. స్త్రీ ప్రాణాన్ని కాపాడటానికి తక్షణం అవసరమైనపుడు గడువు పరిమితి లేదు.
* 18 ఏళ్లు నిండిన స్త్రీకి తన సమ్మతి ఒక్కటే చాలును. భర్త సంతకం గాని, తల్లిదండ్రుల సంతకం గాని చట్టం కోరదు.
* 18 ఏళ్ల లోపు బాలిక విషయంలో సంరక్షకుల లిఖితపూర్వక సమ్మతి తప్పనిసరి. సంరక్షకుడు అనగా ఆమె బాగోగులు చూచే వ్యక్తి అని చట్టం నిర్వచించింది.
* స్త్రీ వివరాలను చట్టం అనుమతించినవారికి తప్ప ఇతరులకు వెల్లడించిన వైద్యునికి ఒక సంవత్సరం వరకు జైలుశిక్ష లేదా జరిమానా లేదా రెండూ విధించవచ్చును.

గర్భనిరోధక సాధనం విఫలమైన సందర్భానికి సంబంధించి మూల చట్టంలో "వివాహిత స్త్రీ, ఆమె భర్త" అని ఉండెను. 2021 సవరణ దానిని "స్త్రీ, ఆమె భాగస్వామి" అని మార్చింది. 2022 సెప్టెంబరు 29న సుప్రీం కోర్టు 20-24 వారాల గడువు అవివాహిత స్త్రీలకు కూడా వర్తిస్తుందని తీర్పునిచ్చింది.

గణాంకాలు

2005-06 సర్వే నాటికి ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్‌లో 20-24 ఏళ్ల స్త్రీలలో సగానికి పైగా 18 ఏళ్లు నిండకముందే వివాహమైనవారు. తరువాతి రెండు సర్వేల అంకెలు ఇవి.

18 ఏళ్ల లోపు వివాహమైనవారు (20-24 ఏళ్ల స్త్రీలలో):
* తెలంగాణ: 2015-16లో 26.2 శాతం, 2019-21లో 23.5 శాతం
* ఆంధ్ర ప్రదేశ్: 2015-16లో 33.0 శాతం, 2019-21లో 29.3 శాతం

తల్లులు లేదా గర్భవతులు (15-19 ఏళ్లవారిలో):
* తెలంగాణ: 2015-16లో 10.6 శాతం, 2019-21లో 5.8 శాతం
* ఆంధ్ర ప్రదేశ్: 2015-16లో 11.8 శాతం, 2019-21లో 12.6 శాతం

2019-21లో కౌమార మాతృత్వపు దేశ సగటు 6.8 శాతం. అనగా పొరుగు రాష్ట్రాలైన రెండింటిలో ఒకటి సగటుకు దిగువన, మరొకటి సగటుకు దాదాపు రెట్టింపు స్థాయిలో ఉన్నవి. రెండు రాష్ట్రాలకూ వర్తించే గర్భవిచ్ఛిత్తి చట్టం మాత్రం ఒక్కటే. కావున ఈ వ్యత్యాసాన్ని చట్టంతో వివరించడం సాధ్యం కాదు.

మొత్తం సంతానోత్పత్తి రేటు చూస్తే మరొక విశేషం కనిపిస్తుంది. అదే సర్వేలో ఆంధ్ర ప్రదేశ్‌లో ఒక్కొక్క స్త్రీకి సగటున 1.7, తెలంగాణలో 1.8 మంది పిల్లలు. రెండూ దేశ సగటు 2.0 కంటే తక్కువే. తక్కువ మంది పిల్లలు, అయినను చిన్న వయసులోనే కాన్పులు అనే ఈ స్థితికి కారణం కుటుంబ నియంత్రణ పద్ధతిలో ఉన్నది. వివాహిత స్త్రీలలో కు.ని. శస్త్రచికిత్స చేయించుకున్నవారు ఆంధ్ర ప్రదేశ్‌లో సుమారు 70 శాతం, తెలంగాణలో సుమారు 62 శాతం. మాత్రలు, నిరోధ్, లూప్ వంటి తాత్కాలిక సాధనాల వాడకం స్వల్పం. త్వరగా పెళ్ళి, వెంటవెంటనే రెండు కాన్పులు, ఆపై శస్త్రచికిత్స అనే క్రమం స్థిరపడినది. మొదటి కాన్పును వాయిదా వేయడానికి ఈ క్రమంలో చోటు లేదు.

ఆరోగ్యంపై ప్రభావం

రెండు రాష్ట్రాలలోను 15-19 ఏళ్లవారిలో ప్రతి అయిదుగురిలో సుమారు ముగ్గురు రక్తహీనతతో బాధపడుతున్నారు. రక్తహీనత గల బాలికకు కాన్పు సమయంలో రక్తస్రావం ప్రాణాంతకం కావచ్చును. ఈ వయసు తల్లులలో గుర్రపువాతం, నెలలు నిండని కాన్పు, తక్కువ బరువుతో బిడ్డ పుట్టడం ఎక్కువగా కనిపిస్తాయి. చదువు మధ్యలో ఆగిపోవడం వీటికి తోడగు నష్టం.

దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతాలు

విజయవాడ రహదారి, నాగార్జునసాగర్ రహదారి ఎల్.బి.నగర్ కూడలి వద్ద కలుస్తాయి. దిల్‌సుఖ్‌నగర్ నుండి చైతన్యపురి, కొత్తపేట మీదుగా ఎల్.బి.నగర్ వరకు శిక్షణ సంస్థలు, ప్రైవేటు కళాశాలలు, ఆడపిల్లల వసతిగృహాలు విస్తరించి ఉన్నవి. నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం, మహబూబ్‌నగర్ జిల్లాల నుండి, కోస్తా జిల్లాల నుండి కూడా విద్యార్థినులు ఇక్కడికి వస్తారు. వీరితో పాటు కూలిపనులకు వలస వచ్చిన కుటుంబాలు చుట్టుపక్కల బస్తీలలో నివసిస్తాయి.

ఈ రెండు వర్గాల అవసరాలు వేరు. వసతిగృహంలో ఉండి చదువుకొనే బాలికకు పెళ్ళి వాయిదా పడటమే ఒక రక్షణ. ఆమెకు కావలసినది సరైన సమాచారం, గోప్యత. బస్తీలో 17 ఏళ్లకే పెళ్ళైన బాలికకు కావలసినది మొదటి కాన్పును వాయిదా వేసే సాధనం, అత్తవారింట ఆమె మాటకు విలువ.

బస్తీ దవాఖానాలు, పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు ప్రాథమిక సేవలకే పరిమితం. ఆ పై సేవలకు వనస్థలిపురం ప్రాంతీయ ఆసుపత్రి, కోఠి ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి ఉన్నవి. ప్రైవేటు ఆసుపత్రి గర్భవిచ్ఛిత్తి చేయవలెనన్న జిల్లా స్థాయి సంఘం అనుమతి పొంది, ఆ ధ్రువపత్రాన్ని అందరికీ కనబడునట్లు ప్రదర్శించవలెను.

అయితే దేశంలో అత్యధిక గర్భవిచ్ఛిత్తులు ఆసుపత్రులలో జరగడం లేదు. 2015 సంవత్సరానికి సంబంధించి "లాన్సెట్ గ్లోబల్ హెల్త్" పత్రికలో వెలువడిన అధ్యయనం దేశంలో 1.56 కోట్ల గర్భవిచ్ఛిత్తులు జరిగాయని, వాటిలో 73 శాతం ఆసుపత్రుల వెలుపల మాత్రలతో జరిగినవని అంచనా వేసింది. మిఫెప్రిస్టోన్, మిసోప్రోస్టాల్ మాత్రలు వైద్యుని చీటీ లేకుండా అమ్మకూడనివి. 2005 నుండి చీటీ లేకుండా లభిస్తున్న అత్యవసర గర్భనిరోధక మాత్ర వీటికంటే వేరు. అది గర్భం రాకుండా చేసేదే గాని, వచ్చిన గర్భాన్ని తొలగించేది కాదు.

పోక్సో చట్టం, గోప్యత

2012 నాటి పోక్సో చట్టం 18 ఏళ్ల లోపువారితో లైంగిక సంబంధాన్ని, వారి సమ్మతి ఉన్నప్పటికీ, నేరముగా పరిగణిస్తుంది. దీనిలోని 19వ సెక్షన్ ప్రకారం విషయం తెలిసిన ప్రతి వ్యక్తి పోలీసులకు తెలియజేయవలెను. వైద్యులు ఇందుకు మినహాయింపు కాదు. 18 ఏళ్ల లోపు భార్యతో సంబంధం కూడా అత్యాచారమేనని 2017 అక్టోబరు 11న సుప్రీం కోర్టు తీర్పు చెప్పడంతో, పెళ్ళైన మైనరు గర్భవతి విషయంలోను ఈ బాధ్యత వర్తిస్తున్నది.

అత్యాచారానికి గురైన బాలికకు న్యాయం జరగాలంటే ఈ నియమం అవసరమని బాలల హక్కుల పరిరక్షకులు వాదిస్తారు. కేసు భయంతో బాలికలు ఆసుపత్రికి రాకుండా మందుల దుకాణాన్నో, నాటు వైద్యాన్నో ఆశ్రయిస్తున్నారని, ఫలితముగా విలువైన వారాలు గడిచిపోతున్నాయని ఆరోగ్యరంగ నిపుణులు వాదిస్తారు. 2022 తీర్పు మధ్యేమార్గం చూపింది. బాలిక, ఆమె సంరక్షకులు కోరినచో వైద్యుడు పోలీసులకిచ్చే సమాచారంలో ఆమె పేరు, వ్యక్తిగత వివరాలు తెలుపనవసరం లేదు.

ఆలస్యమైన కేసులు న్యాయస్థానాలకు చేరుతాయి. 2021 అక్టోబరులో తెలంగాణ హైకోర్టు అత్యాచారానికి గురైన 16 ఏళ్ల బాలిక 26 వారాల గర్భాన్ని తొలగించడానికి అనుమతించింది.

రాజకీయ చర్చ

భారతదేశంలో ప్రధాన రాజకీయ పక్షమేదీ గర్భవిచ్ఛిత్తి చట్టాన్ని రద్దు చేయమని కోరలేదు. వివాదం ఇతర అంశాలపై నడుస్తున్నది.

లైంగిక విద్య: పాఠశాలలలో కౌమార విద్యా కార్యక్రమాన్ని 2007 ప్రాంతంలో పలు రాష్ట్రాలు నిలిపివేశాయి. ఎం.వెంకయ్య నాయుడు అధ్యక్షతన గల రాజ్యసభ పిటిషన్ల సంఘం 2009లో పాఠశాలలలో లైంగిక విద్యను వ్యతిరేకిస్తూ నివేదిక ఇచ్చింది. సంస్కృతికి విరుద్ధమన్నది వ్యతిరేకుల వాదన. తెలియనితనమే బాలికలకు ఎక్కువ హాని చేస్తుందన్నది సమర్థకుల వాదన.

ప్రోత్సాహకాలు: తెలంగాణ ప్రభుత్వం 2014 అక్టోబరు 2న ప్రారంభించిన కల్యాణలక్ష్మి, షాదీ ముబారక్ పథకాలలో వధువుకు 18 ఏళ్లు నిండి ఉండవలెనన్న షరతు ఉన్నది. మొదట 51,000 రూపాయలుగా ఉన్న సహాయం 2018లో 1,00,116 రూపాయలకు పెరిగింది. ఆంధ్ర ప్రదేశ్‌లో 2022లో అమలులోకి వచ్చిన వైఎస్సార్ కల్యాణమస్తు పథకం వధూవరులు పదవ తరగతి ఉత్తీర్ణులై ఉండవలెనన్న షరతును చేర్చింది. ఇవి పెళ్ళిని వాయిదా వేయిస్తాయని కొందరు, 18 నిండగానే చదువు మాన్పించి పెళ్ళి చేయడానికి దారితీస్తాయని మరికొందరు వాదిస్తారు.

పాఠశాల మార్గం: రంగారెడ్డి జిల్లాలో 1991 నుండి పనిచేసిన మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ బాలికలను బడిలో నిలపడం ద్వారా బాల్యవివాహాలను ఆపే పద్ధతిని అనుసరించింది. సంస్థకు నేతృత్వం వహించిన శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే పురస్కారం లభించింది.

వివాహ వయసు: స్త్రీల కనీస వివాహ వయసును 21కి పెంచే బిల్లును 2021 డిసెంబరులో లోక్‌సభలో ప్రవేశపెట్టారు. 2024లో సభ రద్దుతో అది మురిగిపోయింది.

జనాభా విధానం: ఇద్దరి కంటే ఎక్కువ పిల్లలున్నవారు స్థానిక ఎన్నికలలో పోటీ చేయరాదన్న నిబంధనను తొలగిస్తూ ఆంధ్ర ప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో బిల్లులను ఆమోదించింది. జననాలు తగ్గుతున్నాయన్న ఆందోళన బలపడిన ఈ కాలంలో, తగ్గవలసిన కౌమార ప్రసవాలు ఆ చర్చలో మరుగున పడకూడదని ఆరోగ్యరంగ నిపుణుల అభిప్రాయం.

ఇతర దేశాలతో పోలిక

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో 1973 నాటి రో వర్సెస్ వేడ్ తీర్పును అక్కడి సుప్రీం కోర్టు 2022 జూన్ 24న కొట్టివేసింది. గర్భవిచ్ఛిత్తి అక్కడ ఎన్నికల సమస్య. అక్కడ కౌమార ప్రసవాల రేటు 1991లో ప్రతి 1,000 మందికి 61.8 ఉండగా 2023లో 13.1కి తగ్గింది. గర్భనిరోధక సాధనాల వాడకం పెరగడం ఇందుకు ముఖ్య కారణమని పరిశోధకులు భావిస్తారు. అక్కడ చర్చ ప్రధానముగా అవివాహిత బాలికల గురించి. తెలుగు రాష్ట్రాలలో ప్రధానముగా వివాహితల గురించి. అందుచేత అక్కడి వాదనలను యథాతథముగా ఇక్కడకు అన్వయించడం సరికాదు. గర్భనిరోధక సాధనాల అందుబాటు అనే అంశం మాత్రం రెండు చోట్లా సమానమే.

ఇవి కూడా చూడండి

* బాల్యవివాహాలు
* కుటుంబ నియంత్రణ
* కందుకూరి వీరేశలింగం
* దిల్‌సుఖ్‌నగర్
* ఎల్.బి.నగర్