గద్దీ మీది మనిషి పోతే బాకీల గతి ఏమిటి?
అడ్తి దుకాణాల వారసత్వం: వర్తకులు ముందుగా చూసుకోవలసిన సంగతులు

ఇందల్వాయి: ఫిబ్రవరి నుంచి మే వరకు ఆర్మూర్, బాల్కొండ, ధర్పల్లి వైపుల పసుపు బండ్లు నిజామాబాద్ గంజ్‌కు దారి పట్టే కాలం. అడ్తి దుకాణాలకు ఏడాది ఖర్చు ఆ కొద్ది నెలల్లోనే రావాలి. సరిగ్గా ఆ రోజుల్లో ఒక అడ్తిదారు ఉన్నట్టుండి కన్నుమూశాడనుకుందాం. రైతుల కాడి, గోళ రాశులు యార్డులో పడి ఉన్నవి. గత వారం కాటా అయిన సరుకుకు రైతులకు కొంత సొమ్ము ముట్టింది, కొంత ముట్టవలసి ఉన్నది. ఖరీదుదార్లు ఇవ్వవలసిన పెద్ద మొత్తం బయటనే ఉన్నది. సరుకు అప్పుడే లారీలెక్కి రాష్ట్రం దాటింది. బ్యాంకు ఖాతా పోయిన మనిషి ఒక్కడి సంతకం మీద నడిచేది. దినవారాలు కాకముందే రైతులు దుకాణం మెట్ల మీద కూర్చుంటారు. ఖరీదుదార్లు మాత్రం కనబడరు.

ఇది ఒక్క అడ్తి వ్యాపారానికే వచ్చే చిక్కు కాదు. సొంత పేరు మీద, సొంత నమ్మకం మీద నడిచే ఏ మధ్యవర్తి వ్యాపారమైనా ఇంతే. పెట్టుబడి సలహాదారుకు సెబీ 2013 నిబంధనల కింద ఇచ్చే రిజిస్ట్రేషను కూడా కొడుకుకు ఆస్తిగా సంక్రమించదు. బీమా ఏజెంటు ఇంటివారి పరిస్థితి ఒక్కటే కొంత మేలు. నిబంధనల మేరకు పాత పాలసీల కమీషను అతని వారసులకు అందే ఏర్పాటు ఉన్నది. అడ్తిదారుకు అలాంటిదేమీ లేదు. మరుసటి సీజనుకు రైతు వేరే దుకాణం ముందు బస్తాలు దించితే ఆ కమీషను అంతటితో పోయినట్టే.

అన్నిటికంటె ముందు చూడవలసినది రావలసిన బాకీ. వర్తకుల్లో చాలామంది, తండ్రికి రావలసింది కొడుకు అడిగి తెచ్చుకోవచ్చునని అనుకుంటారు. బాకీదారు మంచివాడైతే అంతే. ఇవ్వనని మొరాయించినప్పుడు కోర్టుకు పోతే, 1925 నాటి భారత వారసత్వ చట్టం 214వ సెక్షను అడ్డు వస్తుంది. సొంత యాజమాన్యంలో నడిచిన దుకాణం బాకీకి వారసుడు డిక్రీ పొందాలంటే వారసత్వ సర్టిఫికెట్ వంటి పత్రం చూపాలి. దానికి జిల్లా కోర్టులో దరఖాస్తు, కోర్టు రుసుము, నోటీసులు ఉంటాయి. నెలలు గడుస్తాయి. పైగా దరఖాస్తులో పేర్కొన్న బాకీలకే ఆ సర్టిఫికెట్ చెల్లుతుంది. తర్వాత మరొకటి బయటపడితే దానికోసం మళ్లీ కోర్టు మెట్లెక్కాలి. నిజాయితీ గల ఖరీదుదారు సైతం, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్న ఇంట్లో ఎవరి చేతికిస్తే తన బాకీ తీరినట్టని వెనుకాడితే తప్పు పట్టలేము. సర్టిఫికెట్ ఉన్నవారికి చెల్లిస్తే ఆ భయం ఉండదు.

అసలు బాకీల జాబితా ఎక్కడ ఉన్నది? ఖాతా పుస్తకంలో కొంత, జేబు చిట్టాలో కొంత, మిగిలినది సేఠ్ మనసులో. పుస్తకంలో ఉన్నదంతా రుజువు కూడా కాదు. వ్యాపార సరళిలో క్రమంగా రాసిన లెక్కలను కోర్టు చూస్తుంది గాని, వాటి మీదనే ఒకరిని బాధ్యుణ్ణి చేయదు. 1872 సాక్ష్య చట్టంలోని ఈ నియమమే 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోనూ ఉన్నది. కంప్యూటరులో రాసిన లెక్కకూ ఇదే వర్తిస్తుంది. కనుక తక్‌పట్టీ, దడువాయి కాటా చీటీ, లారీ కాగితం, ఖరీదుదారు సంతకం ఒకచోట ఉండాలి. 2016లో జాతీయ వ్యవసాయ మార్కెట్ మొదలైనప్పుడు చేరిన తొలి యార్డులలో నిజామాబాద్ ఒకటి. అక్కడ అమ్మిన లాటుకు నమోదు దొరుకుతుంది. అరువు గడువు పొడిగించిన మాట, రైతుకు విత్తనం నాడు ఇచ్చిన చేబదులు ఆ నమోదులో ఉండవు. “సేఠ్ ఉన్నప్పుడే ఇచ్చేసిన గదా బాబూ” అని రైతు అంటే కాదనడానికి కొడుకు దగ్గర ఏముంటుంది? రైతు చెప్పేది నిజమే కావచ్చు కూడా.

గడువు సంగతి కూడా ఉన్నది. అమ్మిన సరుకు సొమ్ముకు దావా వేయడానికి సాధారణంగా మూడేళ్లు. ఆ లోపున బాకీదారు రాసి సంతకం చేసి ఒప్పుకుంటే ఆ తేదీ నుంచి గడువు కొత్తగా మొదలవుతుంది. ఏటా పాత లెక్క మూసేనాడు నిల్వ బాకీ మీద ఒక్క సంతకం తీసుకునే దుకాణాలు మనకు లేకపోలేదు. మొహమాటానికి మానేసే దుకాణాలే ఎక్కువ.

అధికార పత్రం ఉన్నదనే ధీమా మరొక పొరపాటు. ఇచ్చిన మనిషి పోయిన తర్వాత మామూలు జనరల్ పవర్ కాగితానికి బలం లేదు. 1872 కాంట్రాక్టు చట్టం ప్రకారం ఏజెన్సీ యజమాని మరణంతో ముగుస్తుంది. ఖాళీ చెక్కుల మీద ముందే సంతకాలు పెట్టించి ఉంచుకోవడం రక్షణ కాదు, కొత్త కేసుకు దారి. బ్యాంకు డిపాజిట్లకు 2025 నవంబరు 1 నుంచి నలుగురి వరకు నామినీలను పెట్టుకోవచ్చు. నామినీ చేతికి సొమ్ము త్వరగా వస్తుంది గాని, అంతమాత్రాన అతడే హక్కుదారు అయిపోడు. షేర్ల విషయంలో సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో ఈ మాటనే చెప్పింది. పసుపు వాయిదా వ్యాపారం చేసేవారు ఒక సంగతి గమనించాలి. ధర ఎదురు తిరిగిన నాడు పోయిన మనిషి ఖాతాలో ఆర్డరు పెట్టే అధికారం ఇంట్లో ఎవరికీ లేదు.

భాగస్వామ్యం ఉంటే ఈ చిక్కుల్లో చాలావరకు తప్పుతాయి. మిగిలిన భాగస్వాములు సంస్థ పేరు మీదనే బాకీకి దావా వేయగలరు. అయితే 1932 నాటి భాగస్వామ్య చట్టం 42వ సెక్షను కింద, దస్తావేజులో వేరే మాట లేకపోతే ఒకరి మరణంతో సంస్థే రద్దవుతుంది. ఆ మాట రాసుకున్నా, ఉన్నవారు ఇద్దరే అయితే ప్రయోజనం లేదు. ఒక్కడే మిగిలినచోట భాగస్వామ్యం అనేదే ఉండదని 1965లో సేఠ్ గోవింద్‌రాం సుగర్ మిల్స్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. తండ్రీ కొడుకులు ఇద్దరే ఉన్న దుకాణాలు మూడవ మనిషిని చేర్చుకోవడం మేలు. ఇరవై ఏళ్లుగా రైతుల పేర్లూ ఊర్లూ నోటికి వచ్చిన గుమాస్తా అందుకు తగడా? చాలా దుకాణాల్లో అసలు వారసుడు అతడే. సేఠ్ పోయిన నెలకే పక్క దుకాణంవాళ్లు అతన్ని పిలుచుకుపోతే, దుకాణంలో కాటా మిగులుతుంది, రైతులు మిగలరు.

పోయిన భాగస్వామి వాటా తేల్చకుండా మిగిలినవారు అదే పెట్టుబడితో వ్యాపారం సాగిస్తే, ఆ వాటాపై వచ్చిన లాభమో, ఏడాదికి 6 శాతం వడ్డీయో కోరుకునే హక్కు 37వ సెక్షను ఇంటివారికి ఇచ్చింది. గంజ్ వడ్డీ తెలిసినవారు ఎవరూ 6 శాతానికి సంతోషించరు. అందుకని వాటా ధర కట్టే పద్ధతి, చెల్లించే వాయిదాలు దస్తావేజులోనే రాసుకోవాలి.

ఇంటి సంగతి. హిందూ కుటుంబంలో విల్లు లేకుండా పోయిన తండ్రి స్వార్జితంలో కొడుకులు, కూతుళ్లు, భార్య, తల్లి ఒక్కొక్కరికి సమాన వాటా. ఉమ్మడి ఆస్తిలో పెళ్లికాని కూతురికి హక్కు మన రాష్ట్రంలో 1985లోనే వచ్చింది. 2005 కేంద్ర సవరణ దానిని విస్తరించింది. తండ్రి ఆనాటికి బతికి ఉన్నాడా లేదా అన్నదానితో పని లేదని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. గద్దీ మీద కూర్చున్న కొడుకు గద్దీ అంతా తనదనుకోవడం వల్ల దుకాణాలు కోర్టుకెక్కుతాయి. నడిపేవాడికి దుకాణం, మిగిలినవారికి ప్లాటో భూమో వచ్చేటట్టు విల్లు రాయడానికి రిజిస్ట్రేషను కూడా తప్పనిసరి కాదు. ఇద్దరు సాక్షులు చాలు.

లైసెన్సు, పన్ను సంగతులు క్లుప్తంగా: 1966 నాటి మార్కెట్ల చట్టం కింద లైసెన్సు లేనిదే యార్డులో వ్యాపారం కూడదు. అది ఎవరి పేర ఉన్నదో వారికే. కొడుకు తన పేర దరఖాస్తు పెట్టుకోవాలి. జీఎస్టీలోనూ యజమాని మరణం కారణంగా చూపి కొత్త నమోదు తీసుకోవాలి. మిగిలిన పన్ను జమ ఐటీసీ-02 ఫారం ద్వారా మారుతుంది. వ్యాపారం సాగించేవాడికి పాత పన్ను బకాయిలు కూడా సంక్రమిస్తాయి.

కొడుకు మైనరైతే మిగిలిన భాగస్వాముల సమ్మతితో లాభాల వరకు చేర్చుకోవచ్చు. నష్టానికి అతని సొంత ఆస్తి జవాబుదారీ కాదు. మేజరయిన తర్వాత, లేక ఆ సంగతి తనకు తెలిసిన తర్వాత, ఆరు నెలల్లో ఉంటాడో ఉండడో బహిరంగ ప్రకటన ఇవ్వాలి. ఊరకుంటే భాగస్వామి అయినట్టే లెక్క. అప్పుడు అతన్ని చేర్చుకున్న తొలినాటి నుంచి సంస్థ చేసిన బాకీలన్నిటికీ సొంత ఆస్తితో సహా బాధ్యుడవుతాడు.