పుట్ ఆఫ్: వాయిదాలో ఎన్ని వన్నెలో!

2019 జులై 15 తెల్లవారుజామున శ్రీహరికోటలో చంద్రయాన్-2 కౌంట్‌డౌన్ మరో 56 నిమిషాలు మిగిలి ఉండగా ఆగిపోయింది. వాహక నౌకలో సాంకేతిక లోపం బయటపడింది. ఇస్రో ప్రకటనలో ‘కాల్డ్ ఆఫ్ ఫర్ టుడే’ అని ఉంది, కొత్త తేదీ తర్వాత చెబుతామనీ ఉంది. ‘కాల్ ఆఫ్’ అంటే రద్దు. పక్కన ‘ఈ రోజుకి’ అన్న మాట చేరేసరికి ఆ రద్దు కాస్తా వాయిదా అయింది. జులై 22న రాకెట్ నింగికెగిసింది.

ఇలాంటి వాయిదాకి ఇంగ్లిష్‌వాళ్లు రోజువారీ మాటల్లో వాడేది ‘పుట్ ఆఫ్’. ‘పుట్’ తెలిసిందే, ‘ఆఫ్’ తెలిసిందే. రెండూ కలిశాక వచ్చే అర్థమే చిక్కు. 1755లో నిఘంటువు వేసిన శామ్యూల్ జాన్సన్ తన ముందుమాటలోనే ఈ జంటల సంగతి ఎత్తి, విదేశీయులకు ఇంగ్లిష్‌లో అన్నిటికంటే కష్టమైనవి ఇవేనన్నాడు. వీటికి ‘ఫ్రేజల్ వెర్బ్’ అన్న పేరు అచ్చులో స్థిరపడింది మాత్రం చాలా ఆలస్యంగా, 1925లో లోగన్ పియర్సాల్ స్మిత్ రాసిన పుస్తకంతో.

‘పుట్ ఆఫ్’కి అర్థం వెతికితే నిఘంటువులు పోస్ట్‌పోన్, డిలే, డిఫర్, అడ్జర్న్, షెల్వ్ అంటూ వరసపెట్టి చూపిస్తాయి. అన్నిటికీ తెలుగులో ‘వాయిదా’ అని రాసుకుని బట్టీపడితే పరీక్ష గట్టెక్కవచ్చు, మాట్లాడేటప్పుడే తేడా కొడుతుంది. ఆపింది ఎవరు, పని అప్పటికే మొదలైందా, కొత్త తేదీ ఉందా? ఈ మూడూ చూసుకుంటే ఏ మాట ఎక్కడ వాడాలో చాలావరకు తేలిపోతుంది.

పోస్ట్‌పోన్ లాటిన్ నుంచి వచ్చింది. ‘పోస్ట్’ అంటే తర్వాత, ‘పోనెరె’ అంటే పెట్టడం. పుట్ ఆఫ్‌కి ఇది చదువుకున్న అన్న లాంటిది. అర్థం దాదాపు ఒకటే అయినా, ఇంట్లో దంతవైద్యుడి దగ్గరికి వెళ్లడాన్ని పుట్ ఆఫ్ చేస్తారు, ప్రభుత్వం పరీక్షలను పోస్ట్‌పోన్ చేస్తుంది. టోక్యో ఒలింపిక్స్‌ని 2020 మార్చిలో పోస్ట్‌పోన్ చేశారు, 2021 జులై, ఆగస్టుల్లో జరిపారు. పేరు మాత్రం ‘టోక్యో 2020’గానే ఉంచారు. అదే టోక్యోకి దక్కిన 1940 ఒలింపిక్స్ యుద్ధం వల్ల అసలు జరగనే లేదు. అది ‘క్యాన్సిల్’. అక్కడ పుట్ ఆఫ్ అనకూడదు, కాల్ ఆఫ్ అనవచ్చు.

డిలే దారి వేరు. పొగమంచు కమ్మితే విమానం డిలే అవుతుంది. అందులో ఎవరి నిర్ణయమూ ఉండనక్కర్లేదు. ఆ రోజే, కాస్త ఆలస్యంగానైనా, బయల్దేరుతుందన్న ఆశ ఉంటుంది. పుట్ ఆఫ్ వెనక మాత్రం ఒక మనిషి, ఒక నిర్ణయం ఉంటాయి.

డిఫర్ కాగితాల మీద మాట, పైవాళ్ల అనుమతితో ముడిపడింది. అమెరికా చదువులకు వెళ్లే తెలుగు పిల్లలకు ఇది బాగా పరిచయం. వీసా సమయానికి రాకపోతే ‘స్ప్రింగ్‌కి డిఫర్ చేసుకున్నా’ అంటారు. సీటు పోలేదు, విశ్వవిద్యాలయం ఒప్పుకుంది, చేరేది వచ్చే విడతలో. ఇంత సమాచారం ఆ ఒక్క మాటలో ఉంది.

అడ్జర్న్ సభలకూ కోర్టులకూ చెందింది. సాధారణంగా మొదలైన పనిని మధ్యలో ఆపి మరో రోజుకి వేయడం. పాత ఫ్రెంచ్‌లో ‘రోజు’ అనే మాట ఇందులో దాగి ఉంది. శాసనసభ ‘సైనీ డై’ అడ్జర్న్ అయిందంటే లాటిన్‌లో ‘రోజు లేకుండా’ అని. మన పత్రికలు రాసే ‘నిరవధిక వాయిదా’ అదే. సివిల్ దావా విచారణలో ఒక పక్షానికి మూడుసార్లకు మించి వాయిదా ఇవ్వకూడదని మన సివిల్ ప్రొసీజర్ కోడ్ అంటుంది. కోర్టు మెట్లెక్కిన వాళ్లకి ఈ సంగతి చెబితే నవ్వుతారు.

తేదీ చెప్పకుండా పథకాన్ని పక్కన పెడితే అది షెల్వ్. తెలుగులో ‘అటకెక్కించడం’ దీనికి అచ్చంగా సరిపోతుంది. ప్రొక్రాస్టినేట్‌లో తప్పు పట్టే స్వరం ఉంది. ‘క్రాస్’ అంటే లాటిన్‌లో రేపు. చేయాల్సిన పని కళ్లముందే ఉన్నా మీనమేషాలు లెక్కపెట్టేవాడి మీద వేసే ముద్ర ఇది.

పుట్ ఆఫ్‌కి పనులే కాదు, మనుషులూ కర్మలే. బాకీ అడగడానికి వచ్చినవాణ్ని ఏదో సాకు చెప్పి పంపేస్తే వాణ్ని పుట్ ఆఫ్ చేసినట్టు. ‘దాటవేయడం’ దీనికి దగ్గర. తెలుగు ఊళ్లలో ఒకప్పుడు తలుపుల మీద కనిపించిన ‘ఓ స్త్రీ రేపు రా’ రాత దెయ్యాన్నే పుట్ ఆఫ్ చేసే ఉపాయం: అది వచ్చిన ప్రతిసారీ ఆ రాత చదువుకుని మర్నాటికి వెళ్లిపోవాల్సిందే.

ఇంకో అర్థంలో కాలం ఊసే లేదు. హోటల్లో బల్ల మీద జిడ్డు చూసి తినబుద్ధి పుట్టకపోతే, ఆ జిడ్డు మనల్ని పుట్ ఆఫ్ చేసింది. మనసు విరిచిందన్నమాట. ‘ఆఫ్-పుటింగ్’ అనే విశేషణం ఇక్కడిదే. ‘ఒంటి మీదివి విడవడం’ అన్న మరో అర్థమూ ఉండేది: 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో దేవుడు మోషేని చెప్పులు విడవమన్నప్పుడు వాడిందీ పుట్ ఆఫే. ఆ వాడుక ఇప్పుడు పాతబడింది.

వ్యాకరణంలో రెండు మెలికలు గుర్తుంచుకుంటే చాలు. ‘మీటింగ్’ లాంటి నామవాచకం మధ్యలోనైనా చివరైనా రావచ్చు కానీ ‘ఇట్’ మధ్యలోనే ఇమడాలి: ‘పుట్ ఇట్ ఆఫ్’ ఒప్పు, ‘పుట్ ఆఫ్ ఇట్’ తప్పు. తర్వాత క్రియ వస్తే ‘పుట్ ఆఫ్ గోయింగ్’ అనాలి, ‘టు గో’ అనకూడదు.

ఇంగ్లిష్ మాతృభాష అయినవాళ్లూ ఈ మాటల దగ్గర తడబడ్డారు. బ్రిటన్‌లో ఒక అంశాన్ని ‘టేబుల్’ చేయడమంటే చర్చకు పెట్టడం, అమెరికాలో చర్చను ఆపి పక్కన పెట్టడం. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఒక పత్రాన్ని వెంటనే టేబుల్ చేయాలని బ్రిటిష్ అధికారులు, వద్దని అమెరికన్లు చాలాసేపు వాదించుకున్నారనీ, నిజానికి ఇద్దరి కోరికా ఒకటేననీ చర్చిల్ తన యుద్ధ చరిత్రలో రాశాడు.

వాయిదాకి వ్యతిరేకార్థంలో భారతీయులు అలవాటు చేసుకున్న మాట ‘ప్రీపోన్’. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుల్లో దానికి ‘భారతీయ ఇంగ్లిష్’ అన్న గుర్తు ఉంటుంది. లండన్‌లో దీన్ని ‘బ్రింగ్ ఫార్వర్డ్’ అంటారు. బుధవారం సమావేశాన్ని రెండు రోజులు ‘మూవ్ ఫార్వర్డ్’ చేశామంటే ఏ రోజని మనస్తత్వ శాస్త్రవేత్తలు అడిగినప్పుడు, ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లే సోమవారమని కొందరు, శుక్రవారమని కొందరు చీలిపోయారు. హైదరాబాద్ ఆఫీసులో రెండు రోజులు ప్రీపోన్ చేశామంటే మాత్రం అందరూ సోమవారమే వస్తారు.