తంతి - తార్

ఎంత పెద్ద కథనైనా మూడు మాటలలో చెప్పవచ్చుననడానికి మన పెద్దలు “కట్టె, కొట్టె, తెచ్చె” అన్న నానుడిని నిదర్శనంగా చూపుతారు. రామాయణాన్ని అంతగా కుదించిన ఆ మహానుభావుడు టెలిగ్రాం ఎరుగడు. కాని టెలిగ్రాం రాసే విద్యలో ఆరితేరినవాడే. మాటకింత అని వెలకట్టి, దూరాన్ని జయించిన ఆ సాధనం మన దేశంలో నూట అరవై సంవత్సరాలకు పైగా పనిచేసి, 2013 జూలైలో సెలవు తీసుకున్నది. దాని చరిత్రను మన విద్యార్థులకు సంగ్రహంగా పరిచయం చేయాలని మా సంకల్పం.

ముందుగా పేరు. తెలుగులో దీనిని తంతి అన్నాము. ఇది వీణకు బిగించే ‘తంత్రి’కి తద్భవం. ఉర్దూలో తార్ అన్నారు. ఆ మాటకూ తీగె అనియే అర్థం. మూడు తీగెలు గలది గనుక సితార్ అయినది. రెండు భాషలవారూ ఒకరినొకరు సంప్రదించకుండానే, కొత్తగా వచ్చిన విద్యుత్ తీగెకు సంగీత వాద్యపు తీగె పేరు పెట్టుకొన్నారు. రెండు భాషలను ఒకే ప్రాంగణంలో వినే మనకు ఈ పోలిక ముచ్చట గొలుపుతుంది.

తంతికి పూర్వం వార్త వేగం మనిషి కాలి వేగమో, గుర్రపు వేగమో. హర్కారా ఒక అంచె పరుగెత్తి సంచిని మరొకరికి అందించేవాడు. ‘అంచెలంచెలుగా’ అని నేటికీ మనం వాడే మాట ఆ ఏర్పాటును గుర్తుకు తెస్తుంది. 1844 మే 24న మోర్స్ అమెరికాలో వాషింగ్టన్ నుంచి బాల్టిమోరుకు సందేశం పంపడంతో వార్త మనిషిని విడిచి తీగె నెక్కినది. యంత్రం సులభమైనదే. ఇక్కడ మీట నొక్కగా తీగెలో విద్యుత్తు పారును. అక్కడ విద్యుదయస్కాంతం ఇనుపముక్కను లాగి టక్కుమనిపించును. క్షణమాత్రం నొక్కితే చుక్క, కొంత తడవు నొక్కితే గీత. ఆంగ్లంలో అతి తరచుగా వచ్చే ‘ఇ’ అక్షరానికి ఒకే చుక్క, ‘టి’కి ఒకే గీత. ఎక్కువ పని చేసే అక్షరానికి తక్కువ శ్రమ కల్పించడమే ఇందలి నేర్పు.

మన దేశంలో ఓషానెస్సీ అను వైద్యుడు 1839లోనే కలకత్తా వద్ద ప్రయోగాలు చేశాడు. 1851లో కలకత్తా, డైమండ్ హార్బరుల మధ్య తంతి ఏర్పడినది. 1855లో ప్రజలకూ అందుబాటులోకి వచ్చినది. రైలు వెళ్లిన చోటికెల్ల తీగె తోడుగా వెళ్లినది. మద్రాసు నుంచి బయలుదేరిన రైలుదారి 1871లో రాయచూరు వద్ద బొంబాయి దారితో కలిసినది. మన రేణిగుంట ఆ దారి మీదిదే.

తీగె మొదట పాలకుల చేతి సాధనం. 1857 మే 11న ఢిల్లీ తంతి కార్యాలయం నుంచి అంబాలాకు వెళ్లిన హెచ్చరిక వల్లనే పంజాబులోని ఆంగ్ల అధికారులు ముందుగా మేలుకొన్నారు. ఈ సత్యాన్ని మనవారు మరువలేదు. 1942 జూలైలో ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు పంపిన రహస్య ఉత్తర్వులో తంతి తీగెలు తెంచడం కూడ ఒక కార్యక్రమం. అయినను అదే తీగె మన పత్రికలకు ప్రాణం పోసినది. 1914లో మద్రాసు నుంచి దినపత్రికగా వెలువడిన ఆంధ్రపత్రిక ప్రపంచయుద్ధ వార్తలను తెలుగు ఇండ్లకు చేర్చినది. ఆంగ్లంలో వచ్చిన తంతి వార్తలను తెల్లవారేలోగా తెలుగు చేసిన ఉపసంపాదకులు మన వచనానికి చేసిన సేవ తక్కువది కాదు.

సామాన్యునికి మాత్రం టెలిగ్రాం అంటే గుండెదడ. విప్పకముందే ఇంట్లో ఏడ్పులు మొదలయ్యేవి. జనాజాను ఆలస్యం చేయరాదన్న మన ఆచారంలో, తార్ ఏ ఘడియకు అందినదన్న దానిమీదనే దూరాన ఉన్న కొడుకుకు తండ్రి ఆఖరి చూపు దక్కుటా దక్కకపోవుటా ఆధారపడినది. అయితే శుభవార్తలకూ అందులో చోటు ఉండేది. దీపావళికి, ఈద్ ముబారక్‌కు, వివాహానికి సిద్ధవాక్యాలు ఉండి, ఒక్కొక్క దానికి ఒక సంఖ్య కేటాయించబడినది. సంఖ్య చెప్పితే చాలు, శుభాకాంక్ష చేరేది. హిందువు పండుగకూ ముస్లిము పండుగకూ ఒకే పట్టికలో చోటు దొరికినది.

ఎస్టీడీ ఫోను, ఆపై 1995లో దేశంలో అడుగిడిన సెల్‌ఫోను దాని పనిని లాగుకొన్నవి. శ్రీహరికోట నుంచి 2004 సెప్టెంబరు 20న ఎడ్యుశాట్ ఎగిరిన నాటికే తీగె ముసలిదైనది. 2013 జూలై 14 దాని చివరి దినం.

పోయిన యంత్రం కోసం చింతించనక్కరలేదు. కాని దానితోబాటు ఒక క్రమశిక్షణ పోరాదు. 1872 నాటి సాక్ష్య చట్టం తంతి గురించి ఒక చక్కని నియమం చెప్పినది: కార్యాలయంలో ఇచ్చిన సందేశమూ చేరిన సందేశమూ ఒకటే అని న్యాయస్థానం భావించవచ్చును, దానిని ఇచ్చినది ఎవరన్న విషయంలో మాత్రం ఏ ఊహా చేయరాదు. యంత్రం నమ్మకమైనదే, పంపినవాడెవడో విచారించుకొమ్మని దీని భావం. నేడు ఒక్క పైసా ఖర్చు లేక వేయిమందికి వేయి మాటలు పంపగల మన చేతిలోని ఫోనుకు ఈ నియమం మరింత వర్తిస్తుంది. ఎవరు రాసినదో తెలియని వార్తను ముందుకు నెట్టేముందు, మాటకింత చెల్లించవలసి ఉంటే దీనిని పంపుదునా అని విద్యార్థి ఒక్కసారి తన్ను తాను ప్రశ్నించుకొనవలెను. అట్లు ఆగిపోయిన ఒక్క వదంతి వల్ల ఒక వీధి ప్రశాంతంగా నిద్రించగలదు.